చిన్న జట్లకు నేను చేసిన మేలు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో భయం ఉండేది. వాన రాదేమోనని నాయనకు, వచ్చినా శనక్కాయ ఊడలు దిగదేమోనని అమ్మకు. నాకు మాత్రం కరెంటు పోయిన సమయంలో నా కోట మీద ఎవరైనా పడతారేమోనని భయం. అది రెండువేల ఆరు, ఏడు ప్రాంతం. కదిరిలో బీకాం రెండో ఏడు చదువుతూ (చదువుతున్నానని ఇంట్లో చెబుతూ అంటే సరిగ్గా ఉంటుంది) రోజూ మధ్యాహ్నం బస్టాండు వెనకున్న నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. అక్కడ జరిగిన ఒక సంగతి గురించి మా స్నేహితుల్లో ఇప్పటికీ ఒక అబద్ధం నిజంగా చెలామణి అవుతోంది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

అది ఇంటర్నెట్‌లో ఆడే ఆట. ఎక్కడెక్కడి వాళ్లో వేలమంది ఆడేవారు. ఒక్కొక్కరికి ఒక కోట, కాస్త పొలం, కొంత సైన్యం. మనం కంప్యూటర్ ముందు లేకపోయినా ఆట ఆగదు, మన ధాన్యం పండుతూనే ఉంటుంది, దాన్ని దోచుకునేవాళ్లు వస్తూనే ఉంటారు. అందుకని జట్టు కట్టాలి. ఆ జట్టును గిల్డ్ అనేవాళ్లం. మాది ఏడుగురి గిల్డ్, పేరు కదిరి సింహాలు. నాయకుడు నెట్ సెంటర్ నడిపే అన్న. నా పక్క సీటులో ఇస్త్రీ కూర్చునేవాడు (ఆటకు వచ్చేటప్పుడు కూడా మడత నలగని చొక్కా వేసుకునేవాడు కాబట్టి ఆ పేరు). ఎనిమిది నెలలు చెమటోడ్చి మేమిద్దరం పక్కపక్కనే రెండు కోటలు కట్టుకున్నాం. మా శత్రువులు తాడిపత్రి వాళ్లు. బండల పాలిష్ యూనిట్ల కుర్రాళ్లంతా కలిసి కట్టిన గిల్డ్, పేరు నల్లబండ, మొత్తం అరవై ముగ్గురు.

"ఏడుమందిమి అరవైమూడు మందితో ఏం కొట్లాడతామన్నా?" అని ఇస్త్రీ ఒకరోజు అడిగాడు.

"సింహాలు మంద కట్టుకోని తిరగవురా," అన్నాడు అన్న.

"తిరుగుతాయన్నా. నిన్ననే టీవీలో చూపించినారు."

"నోరు మూసుకోని గోడ కట్టుకోపో."

అలాంటి సమయంలో ఆట నడిపేవాళ్లు ఒక ప్రకటన పెట్టారు. పెద్ద గిల్డ్‌లు చిన్నవాటిని మింగేస్తున్నాయి, కొత్తవాళ్లు ఆట మానేస్తున్నారు, పెద్ద, చిన్న గిల్డ్‌లను సమం చేయడానికి సలహాలు ఇవ్వండి అని. మా ఏడుగురిలో ఇంగ్లీషు కాస్త వచ్చినవాణ్ణి నేనే. నిఘంటువు ముందు పెట్టుకుని మూడు మధ్యాహ్నాలు కష్టపడి రాశాను. పదిమంది లోపున్న గిల్డ్‌కు గోడల బలం రెండింతలు చేయాలి. సైన్యానికి ధాన్యం సగం ధరకే ఇవ్వాలి. ఏ గిల్డ్ అయినా సరే, ఒక చిన్న గిల్డ్ మీద వారానికి ఒక్కసారే దాడి చేయాలి. ఇది అమలైతే అరవై ముగ్గురూ వారంలో ఆరు రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. పంపాక ఎవరికీ చెప్పలేదు. ఒప్పుకున్న రోజున అందరికీ టీ ఇప్పించి, నెమ్మదిగా, ఏదో మాటల్లో వచ్చినట్టుగా చెప్పాలని నా ఆశ.

నెల తిరగకుండానే ఒప్పుకున్నారు. ఒక్క మాటా మార్చకుండా మూడు నియమాలూ అమల్లో పెట్టి, సలహా ఇచ్చిన ఆటగాడికి కృతజ్ఞతలు అని రాశారు (పేరు వేయలేదు, అప్పుడు నాకు కాస్త కోపం కూడా వచ్చింది). టీ డబ్బులు జేబులో వేసుకుని సోమవారం వెళ్లేసరికి అందరూ అన్న కంప్యూటర్ చుట్టూ మూగి ఉన్నారు. అన్న తెర వైపు వేలు చూపించాడు. నల్లబండ గిల్డ్ లేదు. దాని స్థానంలో నల్లబండ ఒకటి, నల్లబండ రెండు, అలా ఏడు దాకా ఉన్నాయి. ఒక్కోదానిలో తొమ్మిదిమంది. అందరికీ గోడలు రెండింతలు, అందరికీ ధాన్యం సగం ధర. వారానికి ఒక్కసారే దాడి అన్న నియమాన్ని కూడా చాలా మర్యాదగా పాటించారు. సోమవారం ఒకటో నల్లబండ వచ్చింది, మంగళవారం రెండోది.

ఈ ఉపాయం ఎక్కడో చూశానే అనుకున్నాను. ఎక్కడో కాదు, మా ఇంట్లోనే. చిన్న రైతులకని సబ్సిడీ శనక్కాయ విత్తనం పొలం పాసుపుస్తకానికి ఇన్ని మూటలని ఇచ్చేవారు. ఆ మాట విన్న ఏడాదే మా నాయన పన్నెండెకరాలూ నాలుగు పాసుపుస్తకాలైపోయాయి. నాయనది ఒకటి, అమ్మది ఒకటి, నాది ఒకటి, అవ్వది ఒకటి. అవ్వను సైకిలు మీద కూర్చోబెట్టుకుని వేలిముద్ర కోసం క్యూకు తీసుకెళ్లింది సాక్షాత్తూ నేనే. చిన్నవాళ్లకు మేలు అనగానే పెద్దవాడు చిన్నవాడైపోతాడని మా జిల్లాలో ఏ రైతును అడిగినా చెప్పేవాడు. నేను నిఘంటువును అడిగాను.

ఇక చూడండి నా అవస్థ. మంగళవారం, బుధవారం అందరికంటే ముందు సెంటర్‌కు పోయి ఆ ప్రకటన పేజీ తెరిచాను. అది పై నుంచి గీత గీతగా దిగుతుంటే, ఈరోజు నా పేరు వేశారేమోనని ప్రతి గీతలోనూ వెతుక్కున్నాను. అన్నం సహించలేదు. అమ్మ పరీక్షల బెంగ అనుకుని దిష్టి తీసింది. బుధవారం మధ్యాహ్నానికి మా మూడు కోటలు నేలమట్టమయ్యాయి. అన్న అందరినీ పిలిచాడు.

"ఈ రూలు తాడిపత్రోళ్ల కోసమే కుట్టించినట్ల ఉండాది. ఎవడో రాసి పంపినాడు. మనం ఏడుమందే అని తెలిసినోడు. ఎవడప్పా వాడు?"

నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అప్పుడు వెనక నుంచి ఒకడు, "ఇస్త్రీ ప్రతి ఆదివారం తాడిపత్రికే పోతాండాడు కదన్నా," అన్నాడు.

"మా మామను చూసేకి పోతానప్పా!" అని ఇస్త్రీ లేచాడు. "నాకు ఇంగ్లీషులో నా పేరు రాసేదే కష్టం, రూలు యాడ రాసేది?" అని నా వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పప్పా వీళ్లకి."

చెప్పవలసిన సమయం అదే. నేను నోరు తెరిచాను కూడా. కానీ అందులోంచి వచ్చిన మాట ఇది: "ఏమో... వాళ్ల మామ పాలిష్ యూనిట్లోనే పని చేసేది."

ఊరుకున్నా సగం పాపంతో పోయేది. ఇస్త్రీని గిల్డ్ నుంచి తీసేయాలా వద్దా అని అన్న చేతులెత్తమన్నాడు. ఐదు చేతులు లేచాయి. నాది అందరికంటే ఆఖరున లేచింది, అంతే తేడా. గురువారం జట్టు లేని వాడి కోట మీద నల్లబండ నాలుగు పడింది. తన ధాన్యం మొత్తం బండ్లకెక్కుతుంటే ఇస్త్రీ నా పక్కనే కూర్చుని చివరిదాకా చూశాడు. లేచి, చొక్కా సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ సీట్లోకి రాలేదు. మా కోటలు ఆదివారానికల్లా పోయాయి.

మొన్న ఈమధ్య పని మీద రాయదుర్గం వెళ్లాను. ఇస్త్రీకి అక్కడ జీన్స్ కుట్టే యూనిట్ ఉంది. వెతుక్కుంటూ పోయి, మిషన్ల చప్పుడులో సగం కేకలు వేస్తూ, జరిగిందంతా చెప్పాను. కత్తెర పక్కన పెట్టి విన్నాడు.

"కోట పోతే పోయిందిలేప్పా, ఉత్త బొమ్మ," అన్నాడు. "మా మామను ఏంటికి లాగినావు? ఆ ఎండాకాలమంతా కదిరిలో నన్ను చూసినోడల్లా మీ మామ ఎంత ఇచ్చినాడ్రా అనేది. ఆయప్పకు కంప్యూటర్ ఎట్లుంటాదో తెల్దు."

"తప్పయిపోయింది."

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా? నాకు తెల్సు కదా నేను చేయలేదని. తెలియనోళ్లకు చెప్పు. రాయి. ఇంగ్లీషులోనే రాయగలిగినోనివి, తెలుగులో రాయలేవా?"

తర్వాత టీ తెప్పించాడు. వాళ్ల యూనిట్ ఎలా నడుస్తోందో చెప్పాడు గానీ, పాత సంగతులు మళ్లీ ఎత్తలేదు. నేను లేచేటప్పుడు "రాసినాక పంపు" అని మాత్రం అన్నాడు.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. మొదటి చిత్తులో "మా గిల్డ్ నుంచి ఒక సలహా వెళ్లింది" అని వచ్చింది. చదువుకుంటే నవ్వొచ్చింది. నలభైకి చేరువై, జుట్టు సగం నెరిసిన పెద్దమనిషి, తన ఒక్కడి తప్పును ఏడుగురికీ సమంగా పంచడానికి ఇంకా దారి వెతుకుతున్నాడు. ఆ వాక్యం కొట్టేశాను. సలహా రాసింది నేను. చెయ్యెత్తిందీ నేనే. ఇస్త్రీ ఆదివారాలు తాడిపత్రికి వాళ్ల మామను చూడడానికే వెళ్లేవాడు.