ఉత్తరం నెత్తిన తేదీ

2004 ప్రాంతంలో, ఏటికొప్పాక లక్కబొమ్మలు పై దేశాలకు పంపే చిన్న ఆఫీసులో, అనకాపల్లిలో, నేను కంప్యూటర్ పని చూసేవాణ్ణి. ఈమెయిళ్లు పంపే ప్రోగ్రామ్ నేనే రాశాను. బొమ్మలతోపాటు మన వారం పేరు కూడా వెళ్లాలని ముచ్చటపడి, ఉత్తరం నెత్తిన ఉండే తేదీ వరుసలో ‘శుక్రవారం, ఉదయం’ అంటూ తెలుగు పెట్టేశాను.

పది రోజులకు జపాన్ వ్యాపారి రాశాడు. బొంగరాల ఫొటోలు అడిగితే జవాబే లేదట, ఆర్డరు వేరేవాళ్లకు ఇస్తాడట. నేనేమో అప్పటికే నాలుగుసార్లు పంపాను. కంగారుగా ఫోన్ చేశాను. ఆయన వెతికితే నాలుగూ దొరికాయి, 1970 జనవరి ఒకటో తేదీతో, పాత ఉత్తరాలన్నిటికీ అడుగున. నా తేదీ వాళ్ల కంప్యూటర్‌కు అర్థం కాక, తన లెక్క మొదలయ్యే రోజునే వేసేసుకుంది. సరిచేసి పంపమన్నాడు.

తేదీ రాసే నియమాలు నెట్‌లో వెతికి చదివాను. వారం, నెల ఇంగ్లీషులో మూడేసి అక్షరాలు, తేదీ అంకె, సంవత్సరం, టైము, చివర ప్లస్ 0530. లోకమంతా లెక్కకు పెట్టుకున్న ఉమ్మడి గడియారం కంటే మనం అయిదున్నర గంటలు ముందని దానర్థం. ఆ వరుస అలాగే రాసి, తెలుగు తేదీని ఉత్తరం లోపలికి దించాను. పదీ పదికి పంపాను.

బొంగరాలు చేసిన పెద్దాయన నమూనాలు తెచ్చి పక్కనే కూర్చున్నాడు. ఫోన్ చేస్తే, ఒంటిగంటా నలభైకి అందిందన్నాడు వ్యాపారి. ఆ మాటే పెద్దాయనకు చెప్పాను.

“పదింటికి కదేటి పంపేవు?”

“ఆళ్ల ఊళ్లో మనకంటే ముందే తెల్లారుద్ది మామా.”

“ఆళ్ల టైము నువ్వు రాసేవా?”

“లేదు. మన టైమే రాసేను. ఆ ప్లస్ చూసి ఆళ్ల మిషనే లెక్కకట్టుకుంది.”

ఆయన తెర దగ్గరకు జరిగి, ఆ అంకెల మీద వేలుంచాడు. “మరి ఆళ్లు రాత్తే?”

ఇద్దరం కూర్చుని ఎదురుచూశాం. జవాబు వచ్చింది. ఆర్డరు మాకే. తెరమీద పదీ నలభై అయిదు. గోడ గడియారంలోనూ అంతే. ఉత్తరం నెత్తిన వరుస తెరిచి చూపించాను. అందులో రెండుంబావు, చివర ప్లస్ 0900.

 ఆ నియమాలు రాసినవాళ్లెవరో, ఎక్కడో, మా ఊరి పేరైనా వినకుండానే ఆ వరుసలో మా పొద్దుకూ ఒక చోటు ఉంచారు.

పెద్దాయన ఆ 0900 మీదా వేలుంచాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “ఎవుడి పొద్దు ఆడికే ఉంచేరు బాబూ.”