ఆరో డబ్బా

ఇరవై ఏళ్ళుగా మా అత్తమ్మ నా వంటకు పెట్టిన వంక ఒక్కటే. "ఉప్పు తక్కువైంది." పప్పు చేసినా అదే మాట, పులుసు పెట్టినా అదే మాట. ఒకసారి ఒళ్ళు మండి కావాలనే మరో చెంచాడు వేశాను. మా ఆయన మొదటి ముద్దకే నీళ్ళచెంబు అందుకున్నాడు. ఆమె మాత్రం తీరిగ్గా నమిలి, "ఇగో, ఇయ్యాల సరిపోయింది" అంది. అలాంటి మనిషి, కరోనా రెండోసారి వచ్చిన ఆ వేసవిలో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, నా వంట గురించి ఒక్క మాట అనలేదు. రెండు బుక్కలు నోట్లో పెట్టుకునేది, మూడోది పెట్టుకోబోయి పళ్ళెం పక్కకు నెట్టేది. ఆ మౌనం చూస్తే నాకు భయం వేసేది.

మేం బతుకుతెరువుకు గుజరాత్ వచ్చి, ఉధ్నాలో ఒక మూడంతస్తుల ఇంట్లో, రెండో అంతస్తులో రెండు గదుల్లో ఉండేవాళ్ళం. మా ఆయనది కరెంటు మగ్గాల మీద పని. నేను ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేదాన్ని. ఏప్రిల్‌లో ముగ్గురికీ ఒకేసారి జ్వరాలు వచ్చాయి. ఆయనది నాలుగు రోజుల్లో పోయింది. నాది చిన్న జ్వరం, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు. అత్తమ్మకు మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగింది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి, సగం మనిషై తిరిగొచ్చింది. పంపించేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు. తిండి తింటే కోలుకుంటుంది, తినకపోతే మళ్ళీ ఇక్కడికే తీసుకురావాలి. ఆ వార్డును గుమ్మంలోంచి చూసినదాన్ని నేను. మళ్ళీ అక్కడికి పంపితే ఆమె తిరిగి రాదని నాకు గట్టిగా అనిపించింది.

"ఏం తింటవో చెప్పు అత్తమ్మా. ఏది చెయ్యమంటే అది చేస్త" అన్నాను.

"నోరంత సప్పగున్నది పిల్లా. పుంటికూర అయితే నాలుగు బుక్కలు పోతయేమో."

గోంగూరను మేం పుంటికూర అంటాం. మామూలు రోజుల్లో అదేమీ గొప్ప కోరిక కాదు. రైలుగేటు దగ్గర మనవాళ్ళ కూరలు అమ్మే ఆమె ఒకతె ఉండేది. కానీ ఆ ఏడు ఆమె కూడా ఊరికి పోయింది. మా ఆయన స్నేహితుడి స్కూటరు అడుక్కుని అమ్రోలి దాకా తిరిగి, చివరికి పాలకూర పట్టుకొచ్చాడు. అత్తమ్మ ఆ కట్టను చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున ఆమే తలగడ కింద నుంచి చిన్న రేకు డబ్బీ తీసి నా చేతికిచ్చింది. లోపల పుంటికూర విత్తనాలు. మూడేళ్ళ కింద ఊరి నుంచి తెచ్చుకున్నవట. "మొలుస్తయో లేదో. ఏసి సూడు" అంది. చూడడం ఎవరు? నేనే. వండాలి, ఆమెకు మందులు వేయాలి, స్నానం చేయించాలి, చీరల మూటలు పూర్తి చేయాలి, ఇప్పుడు వ్యవసాయం కూడా. మనసులో ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు.

ఇంటి యజమానురాలు గుజరాతీ ఆమె, కింది అంతస్తులో ఉండేది. అందరిలాగే మేమూ ఆమెను బెన్ అనేవాళ్ళం. పైన మొక్కలు పెట్టుకుంటానని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. "అగాశీ పర్ మిట్టీ? పానీ నీచే టపకా తో సబ్ ఉఠాకే ఫేంక్ దూంగీ" అంది. నీళ్ళు కిందికి కారితే అన్నీ ఎత్తి పారేస్తానని. అగాశీ అంటే అక్కడ డాబా. సరేనని తలూపి ఆరు ఖాళీ నూనె డబ్బాలు సంపాదించాను. కట్టడం ఆగిపోయిన ఒక ఇంటి ముందు నుంచి మట్టి, సందు చివర ఆవుల కొట్టం నుంచి ఎండిన పేడ తెచ్చి, మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, ఆరు డబ్బాలు నింపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మే నెల ఎండలో రేకు డబ్బాను ముట్టుకుంటే చెయ్యి కాలేది. మొక్కల వేళ్ళు ఉడికిపోతాయని పాత నేతచీర చింపి డబ్బాలకు చుట్టి తడిపేదాన్ని. నీడకు వల కొనే స్తోమత లేదు, అచ్చు తప్పిన చీరలు మాత్రం ఇంట్లో బోలెడు. రెండు చీరలు తీగకు కట్టి పందిరి వేశాను. పావురాలు ఊరుకుంటాయా? నాలుగు పుల్లలు గుచ్చి, వాటి మధ్య పాలిస్టర్ నూలును మగ్గం మీది నిలువు పోగుల్లా దగ్గర దగ్గరగా లాగి కట్టాను. మా ఆయన అది చూసి, "పడుగు మంచిగ పోసినవ్, ఇగ నేసుడే తక్వ" అని నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వడం అదే మొదటిసారి అనుకుంటా.

నీళ్ళదే పెద్ద బాధ. కుళాయి పొద్దున కాసేపు వచ్చి పోయేది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, అత్తమ్మ కాళ్ళు కడిగిన నీళ్ళు కూడా బకెట్లో దాచి పైకి మోసేదాన్ని. జ్వరం తర్వాత నాకు పది మెట్లకే ఆయాసం వచ్చేది. మధ్యలో కూర్చుని, ఈ ముసలమ్మ కోరికలు పాడుగాను అని పైకే అనేదాన్ని. వినేవాళ్ళు ఎవరూ లేరు.

అయినా అబద్ధం చెప్పను. విత్తనాలు వేసిన ఐదో రోజు పొద్దున నాలుగో డబ్బాలో మట్టి చిన్నగా పగిలి ఒక తెల్లటి మెడ వంగి కనిపించినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! బకెట్ అక్కడే వదిలేసి కిందికి పరుగెత్తాను. "మొలిచింది అత్తమ్మా!" అంటే ఆమె లేచి కూర్చుంది. ఆమె మెట్లెక్కలేదు కాబట్టి రోజూ నన్నే అడిగేది. "ఎంతయింది?" వేలి కణుపంత. "ఎంతయింది?" బెత్తెడు. పెరిగిందని చెప్పిన రోజున మరో బుక్క ఎక్కువ తినేది. అది నేను కనిపెట్టాను. అందుకే కొన్నిసార్లు ఉన్నదానికంటే అంగుళం ఎక్కువే చెప్పాను.

ఒకరోజు పెద్ద గాలివాన వచ్చింది. చీరల పందిరి ఎగిరిపోయి ఎవరి ఇంటి మీద పడిందో తెలియదు. గాలి తగ్గాక ఏడుపు ముఖంతో పైకి వెళ్తే, ఆరు డబ్బాలూ గోడ వారకు చేరి ఉన్నాయి, పైన ఒక పాత పరదా కప్పి ఉంది. ఆ పరదా బెన్ ఇంటిది. మర్నాడు ఆమె ఎదురుపడి, నీళ్ళు కారుతున్నాయని మామూలుగానే అరిచింది. నేను మామూలుగానే తల వంచుకున్నాను.

జూన్ మొదట్లో ఆకులు లేతపసుపుకు తిరిగాయి. ఆ సంగతి అత్తమ్మకు చెబితే వెంటనే ఉపాయం చెప్పింది. "మా ఇంట్ల మగ్గం ఉన్నప్పుడు పడుగుకు పెట్టంగ మిగిలిన గంజి చెట్లకు పోస్తుంటిమి. ఆకు అరచెయ్యంత అయ్యేది. జర గంజి పొయ్యి."

అన్నం గంజి పోసి ఊరుకోవాల్సింది. కానీ మా ఇంట్లో అందరం సాలెవాళ్ళమే. పడుగు గంజి అనగానే మా ఆయనకు కార్ఖానా గుర్తొచ్చింది. నూలుకు గంజి పెట్టే చోట పనిచేసే స్నేహితుణ్ణి అడిగి, మిగిలినది ఒక క్యాను నిండా తెచ్చాడు. మాకు ముగ్గురికీ ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అత్తమ్మ చూసిన గంజి బియ్యంతోనో జొన్నలతోనో కాచింది, కార్ఖానాలో పాలిస్టర్ నూలుకు పెట్టేది మందుపొడితో కలిపింది. పుట్టినప్పటి నుంచి నూలులోనే బతికినవాళ్ళం, ఆ పాటి తేడా తోచలేదు.

ఆ సాయంత్రం క్యాను మోసుకెళ్ళి ఒక్కో డబ్బాకూ చెంబుడు చొప్పున పోశాను. ఐదు డబ్బాలయ్యేసరికి చేతులు పడిపోయాయి. ఆరోదాన్ని నీడకని అవతల నీళ్ళట్యాంకు పక్కకు జరిపి ఉంచాను. నాలుగడుగులు వేస్తే చాలు, వేయలేకపోయాను. పొద్దున పోద్దాంలే అని క్యాను అక్కడే దించి కిందికి వచ్చి పడుకున్నాను. పొద్దున ఆ సంగతే మరిచిపోయాను.

రెండు రోజుల ఎండకు ఐదు డబ్బాల్లో మట్టి బిగుసుకుపోయింది. పైన పాల మీద మీగడలా ఒక పొర కట్టింది, వేలితో లాగితే కవరులా ఊడి వచ్చింది. నీళ్ళు పోస్తే లోపలికి దిగకుండా అంచుల మీదుగా కారిపోయాయి. కింద నుంచి బెన్ అరుస్తూనే ఉంది. చెంచాతో తవ్వాను, పొర పీకాను, ఇంకా నీళ్ళు పోశాను. ఏది చేసినా మొక్కలు తలలు వాల్చాయి. నాలుగో రోజుకు ఐదు డబ్బాలూ పోయాయి.

"ఎవలు పొయ్యమన్నరే?" అని మా ఆయన గొంతు లేపాడు.

"తెచ్చిందెవలు? నేను పోయి తెచ్చిన్నా?" అని నేనూ లేపాను.

ఆ కోపంలో ఆమె వింటోందని మరిచాం. లోపలి గదిలోంచి సన్నగా మాట వచ్చింది. "మీరెందుకు కొట్లాడుతరు. చెప్పింది నేనే కదా. నా నోరు పడిపోను." ఆ రోజు నుంచి ఆమె ఆ రెండు బుక్కలూ మానేసింది. పొద్దున చాయ్, సాయంత్రం చాయ్, మధ్యలో బలవంతాన కాస్త జావ, అంతే. ఎంత బతిమాలినా తలే ఎత్తేది కాదు. ముంజేతి గాజులు మోచేతి దాకా జారేవి. మా ఆయన ఆసుపత్రి కాగితాలు వెతికి బల్ల మీద పెట్టాడు.

ఆరో డబ్బా మిగిలింది. నా బద్ధకం దాన్ని బతికించింది. అందులో నాలుగు మొక్కలు. ఆకు కోతకు వచ్చేదాకా పన్నెండు రోజులు నేను వాటిని కాపలా కాసిన తీరు ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళు. పిండిపురుగులను గుడ్డపేలికతో ఒక్కొక్కటే తుడిచాను. నీడ ఎటు తిరిగితే డబ్బాను అటు జరిపాను. అత్తమ్మ ఇప్పుడు ఎంతయిందని అడగడం లేదు. నేనే చెప్పేదాన్ని, జానెడయింది అని.

అప్పటికి నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ చిన్న జ్వరం పోతూ పోతూ నా నోటి రుచిని, ముక్కు వాసనను తీసుకుపోయింది. పోపు మాడినా పొగ కళ్ళకు కనిపిస్తే తప్ప తెలిసేది కాదు. రెండు నెలలుగా ఉప్పూ కారం చేతి అలవాటుతో వేస్తున్నాను. నేను తినేదీ మట్టే, వండేదీ మట్టే. చెప్పి ఏం చేయను? ఇంట్లో పడకెక్కే వంతు ఒకరికే ఉంది, అది అత్తమ్మది.

ఆకు కోసే రోజు వచ్చింది. వానకు ముందు ఉక్కపోత. కొడవలి తీసుకుంటుంటే అత్తమ్మ పిలిచింది.

"కొయ్యకే. ఇత్తునానికి ఇడువు. నా నోట్లె ఏస్తే దండుగ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దండుగనా? నడుము ఇరిగెదాక మోసిన నేను. గా మెట్ల మీద కూసొని ఎన్నిసార్లు ఏడ్చిన్నో నీకెర్కనా? నువ్వు తినకుంటె నేను ఇదంత ఎవలకోసం చేసినట్టు? నువ్వు పోతె నాకెవలున్నరు అత్తమ్మా?" అనేశాను. చివరి మాట నేను అనాలనుకున్నది కాదు. అది నాకే కొత్తగా వినిపించింది.

కొడవలి పక్కన పెట్టి, ఒక మొక్కను విత్తనానికి వదిలి, మిగతా మూడింటి ఆకు మాత్రం గిల్లాను. రెండు గుప్పిళ్ళు. పచ్చిమిరపకాయలు వేసి మగ్గబెడితే అరచేతిలో పట్టేంత అయింది. ఉల్లిగడ్డ కొట్టి, నూరి, వేడన్నంలో కలిపి ఆమె ముందు పెట్టాను. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె ఒక ముద్ద పెట్టుకుంది. నమిలింది. కళ్ళు చిట్లించింది. రెండో ముద్ద పెట్టుకుంది.

"ఉప్పు తక్కువైంది" అంది.

మా ఆయన గోడకు ఆనుకుని ముఖం తుడుచుకున్నాడు. నేను మాత్రం నిలబడిన చోటే ఉండిపోయాను.

"రుచి సూడలేదా పిల్లా?" అంది మూడో ముద్ద కలుపుతూ.

"సూసిన. నాకు తెల్వలె."

చెయ్యి ఆగింది. నా ముఖంలోకి చూసింది. "ఎన్నొద్దుల సంది?"

"నీకు జరం వచ్చినప్పటి సంది."

"మరి చెప్పకపోతివి?"

"ఎవలకు చెప్పాలె?"

ఆమె ఒక చేత్తో పళ్ళెం, మరో చేత్తో గోడ పట్టుకుని లేచింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె వంటింటి గుమ్మం దాటడం అదే మొదలు. పట్టుకోబోతే నా చెయ్యి విదిలించింది. ఉప్పు డబ్బా తీసి, అన్నంలో కొంచెం వేసి, నాలుక మీద పెట్టుకుని చూసి, మళ్ళీ కొంచెం వేసింది. ఆ చేత్తోనే ఒక ముద్ద చేసి నా నోట్లో పెట్టింది.

"పుల్లగున్నదా?"

నాకేమీ తెలియలేదు. వేడి మాత్రం తెలిసింది. లేదని తల అడ్డంగా ఊపాను, ఊపుతూనే ఏడ్చాను.

"వస్తది తియ్యి. అందాక ఉప్పు నేనేస్త" అంది.

నా నోటికి రుచి తిరిగొచ్చేదాకా, అంటే వానాకాలం సగం గడిచేదాకా, మా ఇంట్లో ఉప్పు ఆమే వేసింది. కూర ఉడకగానే నేను పిలిచేదాన్ని, ఆమె గోడ పట్టుకుని వచ్చి రుచి చూసి వేసేది.