లమార్‌ను పక్క తిప్పిన మనిషి

ఒడెస్సా చేతులు రెండూ లమార్ ఒంటి కింద ఉన్నాయి, ఒకటి భుజం కింద, ఇంకొకటి తుంటి కింద. నడుం వంచకుండా మోకాళ్లు మాత్రమే వంచి, ఒక్క ఊపున అతన్ని తనవైపు తిప్పింది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మడత పెట్టిన తువ్వాలు. ఆ తర్వాత గొంతులోని గొట్టంలోకి సన్నటి పైపు పెట్టి కఫం లాగింది. శబ్దం గరగర నుంచి సన్నటి ఈలగా మారాక ఆపింది. ఎప్పుడు ఆపాలో ఆమె చెవికి తెలుసు.

"ఈ రోజు మీ చేతులు చల్లగా ఉన్నాయి, మిస్ ఒడెస్సా," అన్నాడు లమార్. గాలి బయటికి వదిలేటప్పుడే అతనికి మాట వస్తుంది. అందుకే మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి.

"నీకు ఎలా తెలిసింది? మెడ కింద ఏమీ తెలియదన్నావు."

"మీ మొహం చూస్తే తెలుస్తుంది."

డెట్రాయిట్ తూర్పు వైపున ఆ ఇంటికి ఒడెస్సా ప్రూయిట్ వస్తూ పద్నాలుగేళ్లయింది. గ్రాషెట్ రోడ్డు మీద ఎర్ర దీపం దాటి వచ్చిన ఓ లారీ లమార్ కారును గుద్దినప్పుడు అతనికి ఇరవై ఆరేళ్లు. అప్పట్లో మిషిగన్‌లో కారు ఇన్సూరెన్స్ ఎంత ఖరీదో దాని పూచీ కూడా అంతే గట్టిది. దెబ్బ తగిలినవాడికి బతికినన్నాళ్లూ వైద్యం, ఇంట్లో చూసుకునే మనిషి, అన్నీ కంపెనీయే భరించేది. ఆ మనిషే ఒడెస్సా. నర్సు చదువు ఆమె చదవలేదు. చేసి చేసి నేర్చుకుంది. రెండు గంటలకోసారి పక్క తిప్పుతుంది కాబట్టి ఇన్నేళ్లలో లమార్ ఒంటి మీద పడక పుండు ఒక్కటీ రాలేదు. తన గురించి ఆమె గొప్పగా చెప్పుకునే మాట అదొక్కటే, అదీ ఎవరైనా అడిగితేనే.

ఆ ఊళ్లో కారు కొనడం తేలిక, దానికి ఇన్సూరెన్స్ కట్టడమే కష్టం. అందుకని చాలామంది కారును ధర తక్కువుండే శివార్లలోని చుట్టాల చిరునామాకు రాయించేవారు. ఒడెస్సా పాత షెవీ కూడా కాగితాల్లో ఆమె పినతల్లి కూతురి ఇంట్లోనే ఉండేది. చట్టం మార్చి ధర తగ్గించాలని అడగడానికి చర్చి వాళ్లు రాజధాని లాన్సింగ్‌కు బస్సు వేసినప్పుడు లమార్‌ను వదిలి వెళ్లాలా అని ఆమె సందేహించింది.

"వెళ్లండి," అన్నాడు లమార్. "మా వ్యాన్‌కి ఇన్సూరెన్స్ కట్టలేక అమ్మ కూడా చస్తోంది. ఒక రోజు నన్ను ఇంకెవరైనా తిప్పుతారు."

ఆమె వెళ్లింది, నినాదం రాసిన అట్ట పట్టుకుని గొంతు పోయేలా అరిచింది. చట్టం మారింది. మరుసటి ఏడు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆమెకు కాగితం వచ్చింది: వైద్యానికి ఎంత పూచీ కావాలో మీరే ఎంచుకోండి. ఆమె తక్కువది ఎంచుకుని సంతకం పెట్టింది. కారు సొంత చిరునామాకు వచ్చింది. "ఇన్నాళ్లకు నా కారు నా ఇంటికి కాపురానికొచ్చింది," అని లమార్‌ను నవ్వించింది కూడా. ఇదివరకే దెబ్బ తిన్నవాళ్ల జోలికి ఆ చట్టం రాదని అందరూ అనుకున్నారు.

అదే చట్టంలో ఇంకో భాగం ఆ పై ఏడు జులై నుంచి అమలైంది. ఇంట్లో చూసుకునేవాళ్లకు కంపెనీ ఇచ్చేది ఇంచుమించు సగానికి పడిపోయింది, లమార్ లాంటి పాతవాళ్లకు కూడా. ఒడెస్సాను పంపే చిన్న సంస్థ ఏడు వారాలు ఈదింది. ఆ తర్వాత ఆగస్టు ఆఖరి శుక్రవారం మూసేస్తున్నామని ఉత్తరం వచ్చింది. రాత్రి పూట వచ్చే మనిషి అప్పటికే గిడ్డంగిలో పనికి వెళ్లిపోయింది.

"జీతం లేకపోయినా నేనొస్తాను, సిస్టర్ యూజీనియా," అంది ఒడెస్సా వంటింట్లో లమార్ తల్లితో.

యూజీనియాకు డెబ్బై ఆరు. కొడుకును తానే తిప్పబోయి క్రితం ఆదివారం నడుం పట్టేయించుకుంది. "పగలు నువ్వొస్తావు. మరి రాత్రి? నువ్వు పడిపోయిన రోజు? నిన్ను కూడా చంపుకోనా, ఒడెస్సా?"

కంపెనీ వాళ్లు కలమజూ దగ్గర ఓ నర్సింగ్ హోంలో మంచం ఖాళీగా ఉందన్నారు. కారులో రెండున్నర గంటల దూరం. యూజీనియాకు పెద్ద రోడ్డు మీద నడపడం భయం.

ఆఖరి శుక్రవారం పొద్దున ఒడెస్సా అతనికి గడ్డం గీస్తూ ఆగింది. "లాన్సింగ్‌లో అట్ట పట్టుకుని అరిచినదాన్ని నేనే, నాయనా."

"ఎక్కించింది నేనేగా బస్సు. ఇన్సూరెన్స్‌లో మిగిలిన డబ్బు ఏం చేశారు?"

"టైర్లు వేయించాను."

"మంచి పని. పాతవి నున్నగా అయిపోయాయి. మీరు మంచులో వస్తుంటే నాకు భయమేసేది." లమార్ ఆమె మొహంలోకి చూశాడు. "అక్కడివాళ్లకు నా మాట అర్థమవుతుందంటారా?"

"అవుతుంది," అంది. కత్తి కడిగే నెపంతో అటు తిరిగింది.

తొమ్మిదిన్నరకు అంబులెన్స్ వచ్చింది. దాంట్లోంచి దిగిన తెల్లమ్మాయి లమార్ వీపు చూసి, "ఎక్కడా ఎరుపు లేదు, బాగుంది," అని రాయబోయింది.

"మా నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదమ్మా. చేయి ఇటివ్వు." ఒడెస్సా ఆ అమ్మాయి చేతొడుగు లాగేసి, వేళ్ల వెనక వైపును లమార్ నడుం కింది ఎముక మీద ఆనించింది. తర్వాత పక్కనే ఇంకోచోట. "ఇక్కడికీ ఇక్కడికీ వేడిలో తేడా ఉంటే పుండు మొదలైనట్టు. గట్టిగా తగిలినా అంతే. కంటితో చూసి ఊరుకోవద్దని అక్కడివాళ్లకు చెప్పు."

ఆ అమ్మాయి తల ఊపి, మళ్లీ తాకి చూసింది. ఈసారి తనంతట తానే.

స్ట్రెచర్ మీదికి మార్చారు. ఒడెస్సా అతన్ని ఎడమ పక్కకు తిప్పి దిండ్లు సర్దింది, మడమలు పైకెత్తి పెట్టింది, ఇంకోసారి కఫం లాగింది. యూజీనియా కొడుకు నుదుటి మీద పెదవులు ఆనించి, తీయలేక అలాగే ఉండిపోయింది.

"అప్పగించింది ఎవరు?" అడిగాడు డ్రైవర్ కాగితం చాస్తూ.

ఒడెస్సా పేరు రాసింది. దాని కింద పెద్ద అక్షరాల్లో రాసింది: తొమ్మిదీ నలభైకి ఎడమ పక్కకు తిప్పాను. పదకొండూ నలభైకి మళ్లీ తిప్పాలి. దారిలోనే అయినా సరే, బండి ఆపి తిప్పాలి.

కాగితం ఆ అమ్మాయి చేతికిచ్చింది.