మంగళవారంలో బుధుని గంట

ఆలూరు దగ్గర మూడెకరాల ఎర్రనేల ఉన్న హంపమ్మకు చదువు రెండో తరగతితోనే ఆగిపోయింది. లెక్క మాత్రం ఆగలేదు. తండ్రి నేర్పిన గ్రహాల వరుస ఆమె వేళ్ల కణుపుల మీదే ఉంటుంది: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. మెల్లగా తిరిగేవాడు ముందు, వడిగా తిరిగేవాడు వెనక.

ఈ యేడు మృగశిర కార్తె ఎండిపోయింది. ఆరుద్రలో ఒక సోమవారం సాయంత్రం మంచి వాన పడింది. ఆ నేలలో విత్తుకు కావలసిన తడి, పదును, రెండు దినాలు కూడా నిలవదు. తెల్లవారగానే హంపమ్మ వేరుశనగ విత్తనాల మూటలు బయట పెట్టించింది. కొడుకు బసవరాజు ఎద్దులను విప్పలేదు. మంగళవారం విత్తు వేయనన్నాడు. రెండేండ్ల కిందట అదే వారం వేసి పంట పోగొట్టుకున్నాడు. పోయింది వాన రాక. నింద మాత్రం వారం మీద వేశాడు. బుధవారం దాకా ఆగితే భూమి ఆరి గట్టిపడుతుందని, మళ్లీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదని ఆమె చెప్పి చూసింది. వినలేదు.

"దినమంతా కుజునిదే అనుకుంటాండావా? పొద్దు పొడిచిన మొదటి గంట వానిది, అందుకే దినానికి మంగళుడని వాని పేరే. అంగడి తెరిచినోడే దినమంతా తక్కెడ పట్టుకోని కూసుంటాడా?"

"కుజుని తర్వాత రవి గదమ్మా. అట్లయితే రేపు ఆదివారం రావల్ల" అన్నాడు వాడు, గెలిచినట్టు.

హంపమ్మ వాడి చేయి లాక్కుని, కుజుని మొదలుకొని గంటకొక గ్రహం చొప్పున ఇరవై నాలుగు లెక్కించమంది. ఏడుగురూ మూడుసార్లు తిరిగాక కుజుడు, రవి, శుక్రుడు మిగిలారు. మరునాటి మొదటి గంట బుధునికి పడింది. బుధుని నుంచి లెక్కిస్తే గురువారం వచ్చింది. పదో తరగతి పాసైన బసవరాజు ఆదివారం దాకా లెక్క పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఇంక ఈ దినం బుధుడు ఎప్పుడొస్తాడో చూడు. విత్తుకు వాడు శానా మంచోడు."

నాలుగో గంట. పొద్దు పొడిచింది ఆరుకు, కాబట్టి తొమ్మిదికి విత్తే గొర్రు నేలలో దిగింది. వెనకాల నడుస్తూ గింజలు హంపమ్మే వదిలింది. చీకటి పడేలోపు చేను ముగిసింది.

తొమ్మిదో నాటికి సాళ్లన్నీ పచ్చబడ్డాయి. మొలిపించింది పదును, పేరొచ్చింది బుధునికి. ఆ సంగతి హంపమ్మకు బాగా తెలుసు, కొడుకుకు చెప్పలేదు. వాడిప్పుడు కలుపు తీయడానికి ఏ గ్రహం గంట మంచిదని అడుగుతున్నాడు.

"కలుపుకు గంటేంది నాయనా? ఎండెక్కకముందే పో."