బి అక్షరం కనబడని మధ్యాహ్నం

లేదు, నేను ఒప్పుకోను. "పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పనిచేస్తోందని ఎవరు చెప్పారు? తొంభైల్లో నాచారంలోని ఓ చిన్న షెడ్డులో మేం తయారుచేసిన కంప్యూటర్లు ఫ్యాక్టరీల్లో యంత్రాలు నడిపేవి. నడుపుతూ నడుపుతూ ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. ఎందుకో తెలీదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే లేచేవి. అందరూ హమ్మయ్య అనుకుని టీ తాగేవాళ్లు.

వాటిలో నడిచేది మా సొంత ఆపరేటింగ్ సిస్టమ్. దానికి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని రాసింది మా సీనియర్. నేను అన్నా అనేదాన్ని. స్కూటర్ మీంచి పడి, కాలికి కట్టుతో ఏఎస్ రావు నగర్‌లో ఇంట్లో ఉన్నాడు. ఇదే సందని నేను ఆయన కోడ్ తెరిచాను.

కంప్యూటర్ ఆన్ చెయ్యగానే మెమరీని చూసుకునే అసలు కోడ్ ఇంకా నిద్రలో ఉంటుంది. అది లేచేదాకా పని గడవడానికి ఒక తాత్కాలిక పట్టిక రాసుకుంటాం, ఏ అడ్రసు అంటే మెమరీలో ఏ చోటు అని. అన్న రాసిన పట్టికలో ఒక్కో చోటికి రెండేసి అడ్రసులు. ఉప్పల్‌లో గేట్ల మీద పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు రెండూ ఉంటాయి చూడండి, అలా. కెర్నెల్ కొత్త నంబర్లకు మారిపోయాక పాతవి కొట్టెయ్యాలి. అన్న కొట్టెయ్యలేదు. పైగా అక్కడ ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని రాశాడు.

నా గొడవంతా అక్కడే. పాత నంబర్లు సున్నా నుంచే మొదలవుతాయి. అవి ఉన్నంతకాలం, కోడ్‌లో ఎక్కడైనా పొరపాటున సున్నా అడ్రసుకు ఏదో రాసినా ఆపేవాళ్లుండరు. తలుపు బార్లా తీసి ఉంది కాబట్టి లోపలికి పోయి అంతా చిందరవందర చేస్తుంది. కంప్యూటర్లు బిగుసుకుపోయేది అందుకేనని నేనన్నాను. షెడ్డు యజమాని సార్ నమ్మలేదు.

"సాయంత్రం ఫ్లాపీ కోసం కస్టమర్ మనిషి వస్తడు. అప్పటిలోపల నీ కోడ్‌తోని కంప్యూటర్ లేస్తే నీదే పంపుదం. లేకుంటే పాతదే పోతది, మల్ల నువ్వు గా ఫైల్ జోలికి పోవద్దమ్మా," అన్నారు.

ఒక్కో లైను తీసేస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను! అదే పని మళ్లీ మళ్లీ చేసే కోడ్, ఎవరూ పిలవని కోడ్, అంతా పోయింది. చివరికి పాత నంబర్లు కొట్టేసే లైను చేర్చాను. గాల్లో తేలుతూ ఆన్ చేశాను.

తెర నల్లబడి, మళ్లీ మొదటికొచ్చింది.

అంత తొలిదశలో తప్పేంటో చెప్పడానికి కంప్యూటర్‌కి నోరుండదు. అందుకని తెరకున్న అడ్రసుకు ఒక్కో అక్షరం పంపే లైన్లు ముందే పెట్టుకుంటాం. పట్టిక రాశాక ఏ, పాత నంబర్లు కొట్టేశాక బి కనబడాలని ఆన్ చెయ్యకముందే పెట్టాను. ఏ వచ్చింది. బి రాలేదు. మళ్లీ నలుపు, మళ్లీ ఏ. ఇక ఫోన్ అందుకున్నాను. మామూలుగానే అది నా చేతిలోనే ఉండేది లెండి.

"నువ్వెందుకు ముట్టుకున్నవ్ సెల్లే? గంత పెద్దగ రాసి పెట్టిన గద!" అన్నాడు అన్న.

"రాస్తే అయిపోతదా? ఎందుకో గూడ రాయాలె గదన్నా!"

"తీస్తే సస్తది. గందుకే. నా కాలు మంచిగుంటే గిప్పుడే వచ్చి నీ కీబోర్డు గుంజుకుంటుండె."

"నా తప్పేం లేదు. లైను లైను సదువుత, ఇను!"

వెనక నుంచి సార్: "జర గా ఫోన్ కింద పెట్టమ్మా, కస్టమర్ చేస్తడేమో!"

నేను వింటేగా. కోపంతో ఒక్కో లైను అరుస్తూ చదివాను. పాత నంబర్లు కొట్టేసే లైను చదివాను. బి రాసే లైను చదువుతూ, తెర అడ్రసు దగ్గర నా నోరు ఆగిపోయింది.

అది పాత నంబరు.

నేనే కొట్టేసిన నంబరుకి, కొట్టేసిన మరుక్షణమే, బి పంపుతున్నాను. శుభ్రం చెయ్యడం వల్ల కాదు, శుభ్రమైందో లేదో చూసుకోబోయినందుకు చస్తోంది!

"అన్నా, బి పాత అడ్రసుకు పోతున్నది."

అటువైపు నవ్వు మొదలైంది, ఆగదే!

"ఓ సెల్లే... అప్పట్ల నేను గూడ గట్లనే అక్షరం పెట్టి సూసిన! సచ్చింది. ఇగ తీయొద్దు గావచ్చని రాసి పెట్టిన! అబ్బ, నవ్వితే కాలు గుంజుతున్నది, ఫోన్ పెట్టెయ్!"

పెట్టలేదు. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆ ఒక్క అడ్రసు మార్చాను. బి వచ్చింది! కెర్నెల్ మొత్తం లేచింది. నేను కుర్చీతో సహా గిర్రున తిరిగాను, ఫోన్ తీగ మెడకు చుట్టుకుంది.

షెడ్డులో పరీక్ష కోసం పెట్టుకున్న యంత్రానికి కలిపి నడిపిస్తే కాసేపటికి ఆగింది. అయితే తలుపు మూసేశాను కాబట్టి ఈసారి బిగుసుకోలేదు. సున్నా అడ్రసుకు రాస్తున్న లైను ఎక్కడుందో తెర మీద చూపించి మరీ ఆగింది. తెరిచి చూస్తే అది సార్ ఒకప్పుడు స్వయంగా రాసిన లైను.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్ని దినాల సంది మంచిగనే పనిచేసింది గదమ్మా!"

ఫోన్‌లో అన్న మళ్లీ నవ్వు. ఆ లైను సరిచేశాను. సాయంత్రం నా ఫ్లాపీయే వెళ్లింది.

ఇప్పుడు చెప్పండి, పనిచేస్తున్నదాన్ని కెలకొద్దని ఇంకా ఎవరంటారు?