మిషిన్ మనిషి చెప్పినదాంట్లో నేను దాచిన సగం మాట

మా ఇంటి ముందు గదిలో పాల కేంద్రం పెట్టిన కొత్తలో సంగతి ఇది. రెండు వేల పదో, పదకొండో అయి ఉంటుంది. మాది మిర్యాలగూడకూ మాడుగులపల్లికీ నడుమ ఊరు. కేంద్రం నడిపేది నా తోడికోడలు, మా మరిది భార్య. కోదాడ పిల్ల, కంప్యూటర్ చదువుకుంది. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. కానీ ఏ పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో, ఎవరు అలిగి ఏ బస్సెక్కి పోయారో ఇప్పటికీ వరసగా చెప్తాను. ఇంట్లో ఏ గొడవ వచ్చినా చివరికి నన్నే అడుగుతారు.

పాలు పోసే ప్రతి మనిషికీ వెన్న శాతం ఎంతో తెలుగులో చీటీ ఇస్తానని తోడికోడలు ఊళ్లో అందరి ముందూ మాటిచ్చింది. అప్పటిదాకా నోటితో చెప్పేది, ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఒక సోమవారం డెయిరీ సూపర్‌వైజర్ వచ్చి, "శుక్రవారం పొద్దుగాల నేనొచ్చేసరికి చీటీలు రావాలె. రాకుంటే కేంద్రం పక్క ఊరికి పోతది," అని చెప్పి బండి తిప్పుకున్నాడు.

వెన్న కొలిచే మిషిన్‌ను తీగతో కంప్యూటర్‌కు కలిపి ఉంచారు. దానితో మాట్లాడటానికి మిషిన్ కంపెనీ ఒక ఫైలు ఇచ్చింది. దాని సంగతి తోడికోడలు నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ ఫైలును ఎవరో వేరే భాషలో రాసి, కంప్యూటర్‌కు తప్ప ఎవరికీ అర్థం కాకుండా మార్చేశారు. తెరిచి చూస్తే పిచ్చి గీతలే. తను రాసేదేమో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో. అయినా లోపలున్న పనిని పేరు పెట్టి పిలిస్తే అది పలుకుతుంది, పని చేసి జవాబిస్తుంది. అయితే పేరు తప్పకూడదు, దానికివ్వాల్సింది వరస తప్పకుండా ఇవ్వాలి, వచ్చే జవాబు ఎలాంటిదో ముందే తెలిసి ఉండాలి. ఫైలుతో వచ్చిన కాగితం మీద మాత్రం మూడు పేర్లు తప్ప ఇంకేమీ లేదు.

తను పిలిచింది. ఫైలు పలికింది. మా బర్రె పాలకు కోటికి పైన ఏదో అంకె చూపించింది. రెండోసారి పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు.

"కోట్లల్ల వెన్న ఇస్తుందట మన బర్రె! ఇగ పొలం ఎందుకు, నాగలెందుకు?" అని మరిది నవ్వాడు.

"నవ్వు నవ్వు. ఆ సూర్యాపేట ఆయన వచ్చి అన్నీ చెప్పింది నీకే కదా? ఏం విన్నావు?" అని తోడికోడలు కసిరింది.

మరిది నవ్వు ఆగిపోయింది. మిషిన్ బిగించడానికి సూర్యాపేట నుంచి మనిషి వచ్చిన రోజు తోడికోడలు కోదాడలో పుట్టింట్లో ఉంది. ఆయన చెప్తుంటే మరిది ఫోన్ చెవికి పెట్టుకుని ఊఁ కొట్టాడు. ఇప్పుడు ఆ మనిషికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవదు.

"అక్కా, ఆ రోజు నువ్విక్కడే ఉన్నావటగా? ఏమైనా గుర్తుందా?"

"గుర్తుందా అని నన్ను అడుగుతవేందే!"

ఆ రోజు నేను అరుగు మీద కందిపప్పు ఏరుతున్నాను. అందుకే మళ్లీ చేటలో పప్పు పోసుకుని అక్కడే కూర్చున్నాను. చెయ్యి కదిలితే మాట వస్తుంది నాకు. తోడికోడలు కాగితం పట్టుకుంది.

"మొదలు 'తీగ ఏడ గుచ్చినమో గా నంబర్ ఇచ్చి తెరువాలె' అన్నడు. గప్పుడు నాకు పప్పుల రాయి దొరికింది. 'పాలు పెట్టి చదువుమనాలె' అన్నడు. 'చదివినంక మూసెయ్యాలె, మూయకుండ మళ్ల తెరిస్తే పలుకదు' అన్నడు. మజ్జిగ ఇస్తే వద్దన్నడు, పోయిండు."

మూసేది కలిపితే రెండోసారి కూడా పలికింది. కానీ అంకెలు మాత్రం అవే పిచ్చి అంకెలు. బుధవారమంతా అలాగే పోయింది. గురువారం పొద్దున తోడికోడలు కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"నా వల్ల కాదని సూపర్‌వైజర్‌కు చెప్పేస్తానక్కా. ఊరి ముందు తలెత్తుకునేదెట్లా?"

నేను ఒకటి దాచాను. ఆ రోజు పొయ్యి మీద పాలు పొంగితే లోపలికి ఉరికాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఒక మాట ముగిస్తున్నాడు. మొదలు వినలేదు. తల లేని మాట చెప్తే నా చెప్పడానికే మచ్చ అనిపించి, అది అసలు లేనట్టే అతికించి చెప్పేశాను.

"చెల్లె, ఇంకొకటుంది. సగమే విన్న. '...అని ముందే చెప్పకపోతే పూర్ణ సంఖ్య అనుకుంటది, జవాబు కరాబైతది' అన్నడు. దేని గురించో నాకు తెల్వదు."

తను గభాల్న లేచింది. "అక్కా! మూడ్రోజులు కడుపులో దాచుకున్నావా దీన్ని?"

"తల లేదే దానికి, తోకనే ఉన్నది. ఎట్ల జెప్పాలె?"

"నాకు తోక చాలు తల్లీ!"

విషయం ఇంతే. ఆ ఫైలు ఇచ్చే జవాబులో చుక్క ఉంటుంది, ఆరు పాయింట్ ఎనిమిదిలాగా. పైథాన్‌కు ఆ మాట ముందే చెప్పకపోతే పూర్ణ సంఖ్యే వస్తుందని అనుకుని, దొరికినదాన్ని తెచ్చి చూపిస్తుంది. జవాబులో చుక్క ఉంటుందని చెప్తూ తను ఒకే ఒక్క లైను రాసింది. గిన్నె పెట్టాం. కంప్యూటర్ మీద ఆరు పాయింట్ ఎనిమిది. మిషిన్ మీద అంకెలు కనపడే చిన్న అద్దంలోనూ అదే.

"అయిపోయింది!" అంది.

"ఏం కాలే. ఆగు." నేను ఆవు పాలు తెచ్చాను, తర్వాత నీళ్లు కలిపిన పాలు తెచ్చాను. ప్రతిసారీ రెండు అంకెలూ కలిసేదాకా తోడికోడల్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. సాయంత్రానికి నా చీరంతా పాల వాసన.

శుక్రవారం సూపర్‌వైజర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొదట తన బర్రె పాలు పోసింది ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయన. చీటీ తీసుకుని నా చేతిలో పెట్టాడు.

"సదువు బిడ్డా, ఎంత?"

"ఆరు పాయింట్ రెండు, మామా."

"మిషిన్ల?"

"సూడు నువ్వే, గదే."

ఆయన అద్దం మీద వేలు పెట్టి, చీటీ మీద వేలు పెట్టి, ఒక్కో అంకెనూ పోల్చి చూసుకున్నాడు. చీటీ మడిచి తలపాగాలో దోపుకుని, "ఇగ పొయ్యండ్రి," అని వెనకవాళ్లకు చెప్పాడు. సూపర్‌వైజర్ చివరి మనిషి దాకా చూశాడు. ఒక చీటీ అడిగి జేబులో పెట్టుకుని, అవునని గానీ కాదని గానీ అనకుండానే వెళ్లిపోయాడు. పగలంతా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోవడమే. సాయంత్రం రేపటి పాలకు ఖాళీ క్యాన్లతో డెయిరీ వ్యాను వచ్చింది, పక్క ఊరికి పోకుండా మా వాకిట్లోనే ఆగింది.