మావయ్య పేరు చెప్పిందెవరు

మా బ్లాకు కింద నీళ్ల పైపుల కోసం మళ్లీ తవ్వుతున్నారు. పచ్చి ఎర్రమట్టి వాసన ఎనిమిదో అంతస్తులోని నా కిటికీ దాకా వస్తుంది, వాన పడిన సాయంత్రాల్లో మరీనూ. ఆ వాసన హాయిగా ఉంటుందంటుంది మా కోడలు. నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను. తొంభైకి దగ్గరపడ్డ ముసలిదాని చాదస్తం అనుకుంటుంది, అనుకోనీ.

మలయ్ దేశపు కొసనున్న ఈ దీవిలో, ఇదే సెంబవాంగ్‌లో, ఈ ఫ్లాట్లూ ట్రైనూ లేని రోజుల్లో, ఆకులు కప్పిన చిన్న ఇల్లు మాది. అమ్మా నాన్నా లేని నన్ను పెంచింది అమ్మమ్మా, ఆవిడ చిన్న కొడుకూ. నేవల్ బేస్‌లో ఓడలకి రంగులు వేసే ఆ మావయ్యకి ఇరవై రెండేళ్లు, మెలితిప్పడానికి సరిపడా మీసం కూడా ఉండేది, అయినా అమ్మమ్మకి ఆఖరి కాన్పు కాబట్టి పొయ్యి దగ్గర కూర్చునే “కుర్రా!” అని వీధి చివరి దాకా వినబడేలా కేకేసేది. చుట్టుపక్కల వాళ్లకీ అదే అతని పేరు. పక్కింటి మలయ్ ముసలాయన పాక్ సలీమ్ అయితే “కుర్రా, మాకాన్!” అంటూ కంచె మీదుగా చేపల కూర అందించేవాడు, తినమని దాని అర్థం.

యుద్ధం మొదట సైరన్ మోతగా వచ్చింది. మావయ్య పెరట్లో గొయ్యి తవ్వి, పైన కొబ్బరి దుంగలు పరిచి మట్టి కప్పాడు. విమానాలు వచ్చినప్పుడల్లా అందులో దూరి, అమ్మమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని, ఆ తడిమట్టి వాసన పీలుస్తూ కూర్చునేదాన్ని. బేస్ దగ్గర నూనె ట్యాంకులు అంటుకుని రోజుల తరబడి కాలితే ఆరేసిన బట్టల మీదా, అన్నం గిన్నె మీదా, అమ్మమ్మ తెల్లజుట్టు మీదా నల్లటి మసి రాలింది. ఆ తర్వాత తెల్లదొరలు ఓడిపోయారు, జపానువాళ్లు వచ్చారు. వాళ్ల సైనికుడు ఎదురైతే ఎవరైనా లేచి, వంగి దండం పెట్టి తీరాలి.

బియ్యం కంటికి కనబడకుండా పోయాయి. పొద్దున కర్రపెండలం, మధ్యాహ్నం కర్రపెండలం, దీపావళికి కూడా దాన్నే రుబ్బి పామాయిల్లో వేసిన గారెలు. “అమ్మా, ఈటితో బంతాట ఆడొచ్చే!” అని మావయ్య నవ్విస్తే, నవ్వుతూనే అన్నీ తినేశాం.

ఆ నవ్వులు ఎంతోకాలం నిలవలేదు. వయసులో ఉన్న మగవాళ్లని లారీల్లో ఎక్కించి సయాం దేశపు అడవుల్లో రైలుదారి పనికి తీసుకుపోతున్నారని తెలిసింది, వెళ్లినవాళ్ల కబురన్నది లేదు. మావయ్య ఆ గొయ్యి మీదే కర్రపెండలం నాటి, దూరే కంత మీద తట్ట బోర్లించి, నాకు ఆట నేర్పాడు. లారీ చప్పుడు వినగానే తను లోపలికి వెళ్లిపోవాలి, నేను అరుగు మీద గచ్చకాయలు ఆడుతూ ఉండాలి. గొయ్యి వైపు చూస్తే నేను ఓడిపోయినట్టు. చాలాసార్లు గెలిచాను.

నాకు ఏడేళ్లప్పుడు, వాన వెలిసిన ఒక ఉదయం, లారీ మా సందు మొదట్లోనే ఆగింది. మావయ్య గోతిలోకి జారుకున్నాడు. తుపాకీతో ఒక సైనికుడు మా వాకిట్లోకి వచ్చాడు. ఆకుకూర ఏరుతున్న అమ్మమ్మ వాణ్ణి చూసి ఎక్కడిదక్కడే బిగుసుకుపోయింది. వాడు ఆవిడ వైపు చూసి గట్టిగా అరిచాడు.

“కుర్రా!”

నా చేతిలో గచ్చకాయలు జారిపోయాయి. వాడు మళ్లీ అరిచాడు. “కుర్రా!” మావయ్యని పేరు పెట్టి పిలుస్తున్నాడు! పేరు తెలిసిందంటే అంతా తెలిసిపోయినట్టే, ఇక దాక్కుని లాభం లేదు, పారిపోవాలి. నేను పెరట్లోకి పరిగెత్తి తట్ట లాగేశాను. “మావయ్యా, పారిపో! నీ పేరు తెలిసిపోనాది!”

వెనకే బూట్ల చప్పుడు. మోచేతుల దాకా ఎర్రమట్టితో పైకి వచ్చిన మావయ్య తుపాకీ వైపు కాదు, నా వైపు చూశాడు. “ఏటే, ఓడిపోనావా?” అన్నాడు మెల్లిగా. అంతే, లారీ ఎక్కించేశారు.

యుద్ధం ముగిశాక సయాం నుంచి ఎముకల గూళ్లలా కొందరు తిరిగొచ్చారు. మావయ్య రాలేదు. నేను ఏడ్చినప్పుడల్లా అమ్మమ్మ నన్ను ఒళ్లోకి లాక్కునేది. “నీకేటి తెలుసే పిల్లా, నీ తప్పేటుంది? ఆడికి పేరు సెప్పినోడిది పాపం. ఆ సలీమే సెప్పినాడు.” పక్కింటి నుంచి వచ్చిన చేపల కూర గిన్నె మూత తియ్యకుండానే వెనక్కి పంపేది. ఏం జరిగిందో అర్థంకాక ఆయన కంచె పట్టుకుని నిలబడిపోయేవాడు. ఆయన చనిపోయిన రోజున కూడా అమ్మమ్మ మా తలుపు వేసేసింది. ఆ గడియ పెట్టింది నేనే. ఆయన దోషి అయినన్నాళ్లూ నాకు కంటి నిండా నిద్ర పట్టేది.

పోయిన నెల జురాంగ్ వెస్ట్‌లో మా మనవరాలి ఇంటికి వెళ్లాను. ముని మనవడు టీవీలో జపాను బొమ్మల సినిమా చూస్తున్నాడు. అందులో ఒక లావుపాటి కొట్టువాడు వీధికుక్కని తరుముతూ అరిచాడు: “కుర్రా!”

“కుర్రా ఎవర్రా? వాడు ఎవర్ని పిలుస్తున్నాడు?” అన్నాను.

“నోబడీ లా, తాతమ్మా,” అన్నాడు వాడు ఇక్కడి పిల్లల యాసలో, తెర మీంచి చూపు తిప్పకుండా. “అది ‘కోరా’. జస్ట్ ‘ఏయ్’ అని. కోపం వస్తే అంటారు.”

ఏయ్. లేచి వంగి దండం పెట్టనందుకు మా అమ్మమ్మని కసిరాడు, అంతే. ఆ ఒక్క దండం పెట్టించుకుని వాడు వెళ్లిపోయేవాడేమో.

ఇప్పుడు ఆ కంచె లేదు, ఆ సందు లేదు, పాక్ సలీమ్ పిల్లలు ఏ బ్లాకులో ఉన్నారో తెలియదు. తప్పు ఒప్పుకోవాలంటే వినాల్సిన వాళ్లెవరూ లేరు. మావయ్య పేరు ఎవరూ చెప్పలేదు. గొయ్యి మాత్రం నేను చూపించాను.